క్యాంప్‌లో ప్రెసిడెంట్ గురించి మాట్లాడొచ్చా? మొదటి బ్యాక్‌కంట్రీ ట్రిప్‌కి ఏం కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు శాన్ హోజేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఏడాదిగా జిమ్‌లో క్లైంబింగ్ నేర్చుకుంటున్నారు. ఆఫీసులోని నలుగురు అమెరికన్ మిత్రులు ఆగస్టులో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో, ట్యూలమీ మెడోస్ వైపు ఐదు రోజుల బ్యాక్‌కంట్రీ ట్రిప్‌కి, అంటే రోడ్లకు దూరంగా అడవిలో ఉండే ట్రిప్‌కి పిలిచారు. అక్కడ కథీడ్రల్ పీక్ ఎక్కాలని ప్లాన్. వాళ్లు నలుగురూ కలిస్తే చాలు, ప్రెసిడెంట్ రాజకీయాలే. ఇద్దరు ఒక పక్క, ఇద్దరు ఇంకో పక్క. "నేను హెచ్1బీ మీద ఉన్నాను, మాట్లాడితే తప్పా? మాట్లాడకపోతే ఐదు రోజులు నోరు కట్టుకుని కూర్చోవాలా? 800 డాలర్లలో ఏం కొనాలి? శాకాహారిని, ఏం తినాలి?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మాట్లాడండి, కానీ ప్రెసిడెంట్ అనే మనిషి గురించి కాకుండా మీరు ఎక్కే ప్రభుత్వ నేల గురించి మాట్లాడండి. రోప్ బ్యాగ్‌లోంచి బయటికి వచ్చాక మాత్రం, తిరిగి మామూలు చెప్పులు వేసుకునేదాకా రాజకీయం ఒక్క మాట కూడా వద్దు. కొనే విషయానికి వస్తే షూస్, హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ), హెల్మెట్, బిలే డివైస్ (ఎక్కేవారి తాడును పట్టి ఆపే పరికరం) కొత్తవి కొనండి. స్లీపింగ్ బ్యాగ్ మంచిది చూసుకోండి. మిగతావి అద్దెకో అరువుకో తెచ్చుకోండి. 800 డాలర్లు సరిపోతాయి.

నేను క్లైంబింగ్ మొదలుపెట్టింది భువనగిరి గుట్ట మీద. మాలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆ అమ్మాయి కూడా మొదట శిక్షణ తీసుకున్నది ఆ రాతి మీదే. కాలిఫోర్నియా వచ్చాక ఇక్కడి మిత్రులతో పదేళ్లకు పైగా తిరుగుతున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఆ గొడవ ఎందుకు వస్తుంది

మన దగ్గర గుట్ట ఎక్కేవాళ్లు ప్రధానమంత్రి గురించి వాదించుకోవడం తక్కువ. ఇక్కడ క్లైంబర్లు ప్రెసిడెంట్ పేరు ఎత్తకుండా ఉండలేరు. దానికి కారణం ఉంది. వాళ్లు ఎక్కే రాయి చాలాచోట్ల కేంద్ర ప్రభుత్వ నేల మీద ఉంటుంది. ఆ నేల గురించి ప్రెసిడెంట్ ఒక్క సంతకంతో చాలా మార్చగలడు.

1906లో వచ్చిన యాంటిక్విటీస్ యాక్ట్ అనే చట్టం ప్రెసిడెంట్‌కి ఆ అధికారం ఇచ్చింది. కాంగ్రెస్‌ని అడగకుండానే ప్రభుత్వ నేలలో కొంత భాగాన్ని నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే రక్షిత ప్రాంతంగా ప్రకటించవచ్చు. థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ ఏడాదే వయోమింగ్‌లోని డెవిల్స్ టవర్‌ని మొట్టమొదటి మాన్యుమెంట్‌గా ప్రకటించాడు. ఇప్పటికీ అక్కడ పగులు వెంబడి ఎక్కడానికి క్లైంబర్లు వెళ్తూనే ఉంటారు. రూజ్‌వెల్ట్ స్వయంగా కొండలు ఎక్కినవాడు. 1881లో కొత్తగా పెళ్లయి యూరప్ వెళ్లినప్పుడు మ్యాటర్‌హార్న్ ఎక్కాడు. 1903 మేలో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్‌తో కలిసి యోసెమిటీలో మూడు రాత్రులు ఆరుబయట పడుకున్నాడు, ఒక రాత్రి పొద్దున లేచేసరికి దుప్పట్ల మీద మంచు పడి ఉంది. కథీడ్రల్ పీక్‌ని 1869లో మొదట ఎక్కింది కూడా ఆ జాన్ మ్యూరే, రోప్ లేకుండా, ఒంటరిగా. కాబట్టి మీరు ఎక్కబోయే శిఖరానికీ అమెరికా రాజకీయానికీ సంబంధం పాతదే.

ఈ కాలపు ఉదాహరణ బేర్స్ ఇయర్స్. ఇది యూటాలో ఉంది. ఇండియన్ క్రీక్ అనే చోటు అందులోనే. ఇసుకరాతిలో నిలువునా, కత్తితో గీసినట్టు పగుళ్లు ఉంటాయి, వాటిలో చేతులు ఇరికించి ఎక్కాలి. ఒబామా 2016 డిసెంబర్ 28న సుమారు 13.5 లక్షల ఎకరాలను మాన్యుమెంట్‌గా ప్రకటించాడు. ఆ నేలను కాపాడమని అడిగింది ఐదు ఆదివాసీ తెగలు. ట్రంప్ 2017 డిసెంబర్‌లో దాన్ని దాదాపు 85 శాతం తగ్గించాడు. బైడెన్ 2021 అక్టోబర్‌లో మళ్లీ పాత హద్దులు తెచ్చాడు. ఐదేళ్లలో మూడు సంతకాలు. గేర్ కంపెనీలు కూడా ఇందులోకి దిగాయి. పటగోనియా 2017లో తన వెబ్‌సైట్ మొదటి పేజీ నల్లగా మార్చి, ప్రెసిడెంట్ మీ నేలను దొంగిలించాడని రాసింది. అప్పట్లో సాల్ట్ లేక్ సిటీలో జరిగే పెద్ద గేర్ ఎగ్జిబిషన్ యూటా నాయకుల వైఖరికి నిరసనగా 2018లో డెన్వర్‌కి తరలిపోయి, 2023లో తిరిగి వచ్చింది. మీ మిత్రుల్లో ఒకరు ఫలానా బ్రాండ్ జాకెట్ వేసుకోననో, అదే వేసుకుంటాననో అంటే వెనకాల ఈ కథ ఉండొచ్చు.

రెండో పక్క మాట కూడా వినాలి. యూటాలో 60 శాతానికి పైగా, నెవాడాలో 80 శాతం దాకా నేల కేంద్రానిదే. ఆ ఊళ్లలో పశువులు మేపుకునేవాడికి, గనిలో పనిచేసేవాడికి, ఎక్కడో వాషింగ్టన్‌లో ఒకడు సంతకం పెడితే తన బతుకు మారిపోతుందన్న బాధ ఉంది. అది నిజమైన బాధ. నాకు బేర్స్ ఇయర్స్ పూర్తి హద్దులతో ఉండాలనే ఉంది, ఈ మాట నేను దాచను. కానీ ఆ ఊరి పెట్రోల్ బంకులో ఒక పెద్దాయన చెప్పింది విన్నాక, అవతలివాళ్లని తీసిపారేయడం మానుకున్నాను.

ఏ పార్టీ అడవి పార్టీ, ఏది కాదు అని గీత గీయడం కూడా కుదరదు. రూజ్‌వెల్ట్ రిపబ్లికన్. రోడ్లు, కట్టడాలు లేని అడవి నేలను కాపాడే వైల్డర్‌నెస్ యాక్ట్ మీద 1964లో సంతకం పెట్టిన జాన్సన్ డెమొక్రాట్. అంతరించే జీవుల చట్టం మీద 1973లో సంతకం పెట్టిన నిక్సన్ రిపబ్లికన్. పార్కుల్లో పాడైన రోడ్లు, పైపులు, బాత్రూమ్‌లు బాగుచేయడానికి నిధులిచ్చే గ్రేట్ అమెరికన్ ఔట్‌డోర్స్ యాక్ట్ మీద 2020 ఆగస్టులో సంతకం పెట్టింది ట్రంప్. వీటిలో రెండు గుర్తుంచుకున్నా చాలు, క్యాంప్‌లో ఇరుపక్షాలూ మీ మాట వింటాయి.

క్లైంబర్లకి బాగా దగ్గరగా వచ్చిన విషయం ఇంకొకటి ఉంది, బోల్టుల గొడవ. దిగేటప్పుడు రోప్ వేయడానికి రాతిలో బిగించి వదిలేసే బోల్టులు, స్లింగ్‌లు (పట్టీలు) ఉంటాయి కదా, వాటిని ఫిక్స్‌డ్ యాంకర్లు అంటారు. వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో ఇవి నిషిద్ధ నిర్మాణాల కిందికి వస్తాయని 2023 నవంబర్‌లో, బైడెన్ కాలంలోనే, పార్క్ సర్వీస్, ఫారెస్ట్ సర్వీస్ ముసాయిదాలు తెచ్చాయి. క్లైంబర్లు పెద్ద ఎత్తున ఎదురుతిరిగారు. ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. తర్వాత రెండు పార్టీలూ కలిసి పాస్ చేసిన ఎక్స్‌ప్లోర్ యాక్ట్‌లో వైల్డర్‌నెస్‌లో క్లైంబింగ్‌కి రక్షణ కల్పించే భాగం చేర్చారు. 2025 జనవరి 4న బైడెన్ దాని మీద సంతకం పెట్టాడు. మీ నలుగురు మిత్రులూ ఒకే మాట మీద ఉండే విషయం ఇదొక్కటే కావచ్చు. మొదటి రోజు సాయంత్రం దీనితో మొదలుపెట్టండి.

అలాస్కా శిఖరం పేరు గొడవ కూడా వస్తుంది, చూడండి. 20,310 అడుగుల కొండ. అక్కడి ఆదివాసుల పేరు డెనాలి. ఒహాయో నుంచి వచ్చి ప్రెసిడెంట్ అయిన మెకిన్లీ అలాస్కాలో అడుగే పెట్టలేదు, అయినా ఆయన పేరు పెట్టారు. 2015లో ఒబామా ప్రభుత్వం డెనాలి చేసింది, 2025లో ట్రంప్ మళ్లీ మెకిన్లీ చేశాడు. పార్కు పేరు మాత్రం డెనాలిగానే ఉంది. అలాస్కా రిపబ్లికన్ నాయకుల్లోనే డెనాలి పేరు కావాలనేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన క్లైంబర్లు, ఎవరికి ఓటేసినా, డెనాలి అనే అంటారు. ఇంకో పేరు విషయం. క్యాంప్‌లో హార్డింగ్ అని వినపడితే 29వ ప్రెసిడెంట్ అనుకోకండి. 1958లో యోసెమిటీలోని ఎల్ కాపిటాన్ అనే పెద్ద రాతిగోడ మీద నోస్ రూట్‌ని మొదట ఎక్కిన జట్టుకు ముందు నడిచిన వారెన్ హార్డింగ్ గురించి మాట్లాడుతున్నారన్నమాట.

రోప్ ముందు నోరు మూసుకోవాలని ఎందుకన్నాను

2016 నవంబర్ 8 ఎలక్షన్ వారం మేం ఐదుగురం ఇండియన్ క్రీక్‌లో ఉన్నాం. ఫలితం తెలిసిన రాత్రి ఇద్దరు మిత్రులకి మాటామాటా పెరిగింది. ఇద్దరూ మంచివాళ్లే, ఎనిమిదేళ్లుగా ఒకే రోప్ మీద ఎక్కినవాళ్లు. పొద్దున్నే లేచి, ముభావంగానే గేర్ వేసుకున్నారు. ఒకతను ఎక్కడానికి, ఇంకొకతను బిలే ఇవ్వడానికి, అంటే కింద తాడు పట్టుకుని కాపాడటానికి. మామూలుగా ఎక్కేముందు ఒకరి ముడి ఒకరు చూసి, చేత్తో లాగి చెప్పుకుంటారు. ఆ రోజు మొహాలు చూసుకోవడానికే ఇష్టం లేదు, ఇక ముడులేం చూస్తారు. నేను ఫొటో తీద్దామని పక్కకి వెళ్తే, ఎక్కేవాడిని తాడుకు కట్టే ఫిగర్-ఎయిట్ ముడి సగమే వేసి ఉంది. తాడు చివర తిరిగి లోపలికి రాలేదు. అతను అప్పటికి నడుమెత్తు ఎక్కాడు. గట్టిగా అరిచాను. దిగాడు. ముడి చూసుకుని అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాడు. బిలే ఇచ్చేవాడు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. మేం ఆ రోజు ఇంకేమీ ఎక్కలేదు.

వాళ్లు కొట్లాడుకున్న ఆ నేల సరిగ్గా యాభై రోజులకి మాన్యుమెంట్ అయింది.

అప్పటి నుంచి నాతో వచ్చే ప్రతి జట్టుకీ ముందే చెప్తాను. రోప్ కనిపించిందంటే రాజకీయం బంద్. కోపంగా ఉన్నా, ప్రేమగా ఉన్నా ముడి, హార్నెస్ బకిల్, బిలే డివైస్, లాకింగ్ కారాబినర్ (తాళం పడే కొక్కెం), ఈ నాలుగూ ఒకరివి ఒకరు ముట్టుకుని చూడాలి. మీరు జట్టులో కొత్తవారు, "నేను జూనియర్‌ని కదా, ఎలా అడగాలి" అని మొహమాటపడకండి. "ఒకసారి చెక్ చేద్దామా" అని ప్రతిసారీ అడిగేది మీరే అవ్వండి.

వీసా సంగతి

మాట్లాడటం నేరం కాదు. అభిప్రాయం చెప్పే హక్కు ఇక్కడ ఉండే అందరిదీ. కానీ హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఎన్నికల ప్రచారానికి ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. గ్రీన్ కార్డ్ ఉంటే ఇవ్వొచ్చు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అభ్యర్థి ప్రచార సంస్థ అమ్మే టోపీ, టీషర్టు కొన్నా చందా ఇచ్చినట్టే లెక్క. సరదాకైనా కొనకండి. వీసా స్టాంపింగ్ సమయంలో సోషల్ మీడియా చూస్తున్న రోజులివి, కాబట్టి క్యాంప్ కబుర్లను వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టకండి, పెట్టనివ్వకండి. అది మీ మిత్రులకి కూడా మర్యాద.

మీరు తెలుగువారని తెలియగానే ఉషా వాన్స్ గురించి అడుగుతారు. నన్ను ప్రతి ట్రిప్‌లో అడుగుతున్నారు. ఆమె తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు, ఇప్పుడు వైస్ ప్రెసిడెంట్ భార్య. ఆ రెండు ముక్కలు చెప్పి ఊరుకోండి. తెలుగువాళ్లందరి తరఫునా మీరు జవాబు చెప్పనక్కర్లేదు.

రాజకీయం మీ ట్రిప్‌కి తగిలే చోటు

2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజులు, నిధులు మంజూరు కాక ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు, జనవరిలో నేను జాషువా ట్రీ వెళ్లాను. పార్కు తెరిచే ఉంది, సిబ్బంది లేరు. చెత్తడబ్బాలు పొంగిపోతున్నాయి, బాత్రూమ్‌ల పరిస్థితి చెప్పలేను. కొందరు చెట్ల మధ్యలోంచి బళ్లు నడిపారు, చెట్లు విరిగాయి. ఆ ఊరివాళ్లు, క్లైంబర్లు సొంత డబ్బుతో టాయిలెట్ పేపర్ కొని, బాత్రూమ్‌లు కడిగారు. నేనూ రెండు రోజులు చెత్త ఎత్తాను. అక్కడ ఎవరు ఎవరికి ఓటేశారో ఎవరూ అడగలేదు. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ఇంకో షట్‌డౌన్ వచ్చింది. ఇక్కడి ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1నే మొదలవుతుంది కాబట్టి ఆ తేదీ దాటి పెట్టుకునే ట్రిప్‌లకి ఈ టెన్షన్ ఉంటుంది. మీది ఆగస్టు, ఆ భయం లేదు. కానీ 2025 ఫిబ్రవరిలో పార్కుల్లో సుమారు వెయ్యి మందిని తీసేశారు. రేంజర్ వచ్చి చూసుకుంటాడులే అనే ధీమాతో వెళ్లొద్దు.

2026 జనవరి 1 నుంచి ప్రవేశ రుసుములు కూడా మారాయి. ఇక్కడ నివసిస్తున్నట్టు డ్రైవింగ్ లైసెన్స్ లాంటిది చూపిస్తే ఏడాది పాస్ 80 డాలర్లే. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లకి అది 250. వాళ్లకి పాస్ లేకపోతే యోసెమిటీతో సహా పదకొండు పార్కుల్లో మనిషికి అదనంగా 100 డాలర్లు. మీ అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తే ఇది ముందే లెక్క వేసుకోండి.

ఇక గేర్

షూస్, హార్నెస్, హెల్మెట్, బిలే డివైస్, ఒక లాకింగ్ కారాబినర్, ఒక నట్ టూల్, ఇవన్నీ కలిపి 350 డాలర్ల లోపు అయిపోతాయి. జిమ్‌కి వాడే బిగుతు షూస్ వద్దు. కథీడ్రల్ పీక్ 10,911 అడుగులు, ఆగ్నేయం వైపు నుంచి ఎక్కే రూట్ కష్టం 5.7 లోపే (చుక్క తర్వాతి అంకె పెరిగేకొద్దీ కష్టం ఎక్కువ), కానీ రోజంతా కాళ్లమీద ఉంటారు. వేళ్లు ముడుచుకోకుండా చదునుగా ఉండే షూస్ తీసుకోండి. జిమ్‌లో 5.10 ఎక్కానని ఇక్కడ లీడ్ చేస్తాను, అంటే అందరికన్నా ముందు ఎక్కుతాను అనకండి. మీరు వెనకాల వస్తూ, ముందువాళ్లు పగుళ్లలో పెట్టిన కామ్స్, నట్స్ (తాడును ఆపే లోహపు ముక్కలు) తీసుకురావాలి, నట్ టూల్ అందుకే. రాయి గ్రానైట్, మన భువనగిరి, గోల్కొండ రాయి లాంటిదే. పట్టు దొరకని చోట పాదాన్ని నమ్మి నిలబడాలి.

వాడిన హార్నెస్, వాడిన రోప్, దెబ్బ తిన్న హెల్మెట్ ఎంత చవకగా వచ్చినా కొనకండి. వాడిన బ్యాక్‌ప్యాక్, టెంట్, జాకెట్ నిరభ్యంతరంగా కొనొచ్చు. ఇప్పుడైతే అదే తెలివైన పని. ఇవి ఎక్కువగా వియత్నాం, చైనా, బంగ్లాదేశ్‌లలో కుట్టినవి, టారిఫ్‌ల భారం వాటి ధరల మీద పడింది.

స్లీపింగ్ బ్యాగ్ విషయంలో నేను దెబ్బతిన్నాను. లేబుల్ మీద 20 డిగ్రీల ఫారెన్‌హైట్ అని చూసి కొని, ట్యూలమీలో రాత్రంతా వణికాను. ఆ అంకె చాలాసార్లు లిమిట్, అంటే ముడుచుకుని ఎలాగో గడపగలిగే చలి. హాయిగా నిద్రపట్టే అంకె కంఫర్ట్ అని వేరే ఉంటుంది. అది చూడండి. ట్యూలమీ 8,600 అడుగుల ఎత్తు, ఆగస్టులో కూడా రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి రావచ్చు. కంఫర్ట్ 30 డిగ్రీల ఫారెన్‌హైట్ దగ్గర ఉన్నది చాలు.

బేర్ క్యానిస్టర్ అంటే ఎలుగుబంటి తెరవలేని డబ్బా. యోసెమిటీ బ్యాక్‌కంట్రీలో తప్పనిసరి. పర్మిట్ ఇచ్చే చోటే అద్దెకు ఇస్తారు, కొనక్కర్లేదు. తిండే కాదు, టూత్‌పేస్ట్, సబ్బు, సన్‌స్క్రీన్, వాసన వచ్చేది ఏదైనా అందులోకే. శాటిలైట్ మెసెంజర్ జట్టుకి ఒకటి ఉండాలి. కొత్త ఐఫోన్లలో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉన్నా, ఆ ఒక్కదాని మీదే ఆధారపడకండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. వాటర్ ఫిల్టర్‌ని రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, ఒకసారి గడ్డకడితే లోపల చిట్లి పనికిరాకుండా పోతుంది, పైకి తెలియదు కూడా.

తిండికి మనవాళ్లం అదృష్టవంతులం. 9,500 అడుగుల మీద నీళ్లు సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, కాబట్టి పప్పు ఉడకదు, బియ్యం సరిగ్గా ఉడకదు. అటుకులు, ఇంట్లో తాలింపు వేసి వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, పల్లీ చిక్కీ, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి తెచ్చుకోండి. వేడినీళ్లు పోస్తే భోజనం. నేను ఒకసారి అటుకుల పులిహోర చేసి పెడితే, రాత్రంతా వాదించుకున్న ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. ఆవకాయ సీసా మాత్రం వద్దు, నూనె కారితే ఐదు రోజులు బ్యాగ్ అంతా అదే వాసన. 9,600 అడుగుల పైన మంట వేయకూడదు, స్టవ్ ఒక్కటే.

వెళ్లిన రోజే ఎక్కకండి, ఒక రోజు ఎత్తుకి అలవాటు పడండి. తలనొప్పి, వాంతి అనిపిస్తే దాచకుండా చెప్పండి. మధ్యాహ్నం ఉరుములతో వాన రావడం అక్కడ మామూలు. ఆ శిఖరం మీద పిడుగు పడితే తప్పించుకునే చోటు లేదు. చీకటి ఉండగానే బయల్దేరి, పన్నెండులోపు దిగడం మొదలుపెట్టేలా చూడండి.

ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. అడవిలో రాత్రులు ఉండటానికి కావాల్సిన పర్మిట్ ఎవరి పేరు మీద ఉంది, ఏ ట్రెయిల్‌హెడ్‌కి (నడక దారి మొదలయ్యే చోటుకి) అని మీ మిత్రులను అడగండి. 60 శాతం పర్మిట్లు 24 వారాల ముందే లాటరీలో పోతాయి. వాళ్లు తీసుకోకపోయి ఉంటే, మిగతా 40 శాతం బయల్దేరే తేదీకి సరిగ్గా వారం ముందు పొద్దున ఏడింటికి ఆన్‌లైన్లో తెరుస్తారు. ఏడు కొట్టడానికి ఐదు నిమిషాల ముందే లాగిన్ అయి కూర్చోండి.